ఇంటి ఆవరణలో ఇంకుడు గుంత తవ్వాలి, కింద కరెంటు కేబుల్ ఉందంటున్నారు. ఎలా?

కొండవాలు_ఇల్లు:

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం. సముద్రం వైపు కొండవాలులో ఉన్న పాత కాలనీలో మా ఇల్లు. నాన్నగారు 1991లో కట్టించారు. వానాకాలంలో పై వీధి నీళ్లన్నీ మా గేటులోంచి వచ్చి వరండా మెట్ల దాకా నిలుస్తున్నాయి. అందుకని గేటుకి ఎడమ పక్క, ప్రహరీకి మూడడుగుల లోపల, నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల లోతులో ఇంకుడు గుంత తవ్విద్దామనుకున్నాం. మేస్త్రీ ఆదివారం చిన్న జేసీబీ తెస్తానన్నాడు. గంటలో పనైపోతుందట.

నిన్న సాయంత్రం ఎదురింటి పెద్దావిడ వచ్చి, "బాబూ, అక్కడ తవ్వకండి. హుద్‌హుద్ తర్వాత స్తంభాలు తీసి తీగలన్నీ భూమిలో వేశారు కదా, అప్పుడు మీ గోడ పక్కనుంచే కాలువ తీశారు" అన్నారు. ఆ రోజుల్లో నేను పుణేలో ఉద్యోగంలో ఉన్నాను. నాన్నగారు ఇప్పుడు లేరు. అమ్మకి గుర్తు లేదు. మేస్త్రీని అడిగితే, "అది రోడ్డులో ఉంటుంది సార్, మన జాగాలోకి రాదు. వచ్చినా మీటరు లోతులో ఉంటుంది" అంటున్నాడు.

తవ్వకుండా కేబుల్ ఎక్కడుందో తెలుసుకోవడం ఎలా? ఎవరిని అడగాలి? మీటరు లోతు అన్న మాట నమ్మొచ్చా? మున్సిపల్ నీళ్ల పైపు, మా బోరు మోటారు వైరు కూడా ఆ వైపే ఎక్కడో ఉన్నాయి. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. నిన్నటి నుంచి చాలా టెన్షన్‌గా ఉంది.

పాత_జాయింటర్:

బాబూ, ముందు మేస్త్రీకి ఫోన్ చేసి ఆదివారం జేసీబీ వద్దని చెప్పండి. మిగతాది తర్వాత చదవండి.

నేను కరెంటు సంస్థలో కేబుల్ జాయింటర్‌గా 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. జాయింటర్ అంటే తెగిన కేబుల్‌ని మళ్లీ అతికే మనిషి. ఎక్కడ తెగినా ఆ గుంతలోకి దిగాల్సింది నేనే గనక, ఎలా తవ్వితే ఏమవుతుందో దగ్గరగా చూశాను.

ఎదురింటి అమ్మగారి మాట నమ్మండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి స్తంభాలు నేలకూలాక, ప్రపంచ బ్యాంకు అప్పుతో విశాఖలో కొన్ని ప్రాంతాలకి భూగర్భ కేబుళ్లు వేశారు. కాలువ తీసేటప్పుడు వీధిలో నిలబడి చూసినవాళ్ల జ్ఞాపకాన్ని నేను మ్యాపుతో సమానంగా తీసుకునేవాణ్ణి. మ్యాపులో గీత తిన్నగా ఉంటుంది. నేలలో కేబుల్ అలా ఉండదు. బండ తగిలితే పక్కకి తిప్పుతారు. చెట్టు వేరుంటే తిప్పుతారు. జాయింట్ దగ్గర, రేపు మళ్లీ చెయ్యాల్సివస్తే పనికొస్తుందని, కొంత ఎక్కువ వదిలి వంపు పెడతారు. వీధి ఇరుకైతే గోడ పునాది అంచునే పోతుంది. ఒక మాట అమ్మగారిని అడగండి: కేబుల్ వేశాక మీ ప్రహరీ పడగొట్టి మళ్లీ కట్టారా? గోడ ఒక్క అడుగు బయటికి జరిగినా కేబుల్ మీ గోడ లోపలికి వచ్చేసినట్టే.

ఇక మీటరు లోతు సంగతి. కేబుళ్లు పాతడానికి పాటించే ఐఎస్ 1255 అనే ప్రమాణం ప్రకారం ఇళ్లకి ఇచ్చే ఎల్‌టీ కేబుల్ 75 సెంటీమీటర్ల లోతున ఉంటే చాలు. 11 కేవీకి, అంటే 11 వేల వోల్టుల కేబుల్‌కి, 90, 33 కేవీకి 105. అంటే మీ వీధిలో ఎల్‌టీ ఉంటే రెండున్నర అడుగులే. అదీ వేసిన రోజు లెక్క. తర్వాత రోడ్డు మీద పొర మీద పొర వేస్తే కేబుల్ ఇంకా లోతుకి పోతుంది. మీలాంటి కొండవాలులో కారు ఎక్కడానికి వీలుగా వాలు చెక్కితే పైకి తేలుతుంది. అడుగున్నర లోతులో 11 కేవీ చూశాను. ఒక ఇంటి తులసికోట కింద అయితే జానెడు మట్టే ఉంది. కాబట్టి లోతు ఎవరు చెప్పినా, నేను చెప్పినా సరే, కళ్లకి కనబడేదాకా నమ్మొద్దు.

కేబుల్ కన్నా ముందు నేల చెబుతుంది. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. మనవైపు ఎర్ర గరప నేల. ఎవరూ తవ్వని చోట పలుగు దిగదు, టంగుమంటుంది. ఒకసారి తవ్వి పూడ్చిన చోట మట్టి వదులుగా ఉంటుంది, నలుపూ ఎరుపూ కలిసిపోయి ఉంటుంది, మధ్యలో తారు ముక్కలు, కంకర కనబడతాయి. దాని కింద ఉన్నట్టుండి శుభ్రమైన ఇసుక తగలొచ్చు. కేబుల్‌కి అడుగునా పైనా ఇసుక పోసి, ఆ పైన ఇటుకలో పలకలో పేర్చి మట్టి కప్పుతారు. కొన్నిచోట్ల ఎర్రటి ప్లాస్టిక్ పట్టీ కూడా పరుస్తారు. ఎర్ర నేలలో వరసగా ఇటుకలు కనబడ్డాయంటే అవి మీకోసం పెట్టిన హెచ్చరికలు.

2009లో, కొండవాలులోనే ఇంకో కాలనీలో, ప్రహరీ పునాది తవ్వుతుంటే 11 కేవీ కేబుల్‌కి పలుగు దిగింది. కబురొచ్చి నేను వెళ్లేసరికి కుర్రాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఇరవై రెండేళ్ల వయసు. రెండు ముంజేతులూ, ముఖం కాలిపోయాయి. బతికాడు గానీ కుడిచెయ్యి ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు. గుంత పక్కన ఇటుకలు శుభ్రంగా పేర్చి ఉన్నాయి. లెక్కపెట్టాను, పదకొండు. పాత పునాది ఇటుకలనుకుని, ఇంటివాళ్లకి పనికొస్తాయని జాగ్రత్తగా తీసి పక్కన పెట్టాడు. ఆ ఇటుకలు ఎందుకున్నాయో అతనికి ఎవరూ చెప్పలేదు. అందుకే అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ నేను చెబుతూనే ఉన్నాను.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. ముందు పైనుంచి చూడండి. వీధి చివర ఎక్కడో స్తంభం మీద నుంచి లావు కేబుల్ ఇనప గొట్టంలోంచి నేలలోకి దిగి ఉంటుంది. ఫీడర్ పిల్లర్ డబ్బాలు, అంటే కేబుల్ నుంచి ఇళ్లకి కరెంటు పంచే పెట్టెలు, ఎక్కడెక్కడ ఉన్నాయో చూడండి. రోడ్డు పక్కన నేలలో పాతిన చిన్న రాయో, కేబుల్ అని రాసిన పలకో ఉందేమో వెతకండి. సిమెంటు అతుకులు ఏ వరసలో పోతున్నాయో చూడండి. వాటిని మనసులో ఒక గీతతో కలిపితే కేబుల్ దారి చాలావరకు తెలుస్తుంది.

తర్వాత 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఫోన్‌తో ఆగకండి. మీ సెక్షన్ ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారికి కాగితం మీద రాసివ్వండి: ఎక్కడ, ఎంత వెడల్పు, ఎంత లోతు, ఏ రోజు. మీ వీధి చూసే లైన్‌మ్యాన్‌ని వచ్చి చూపించమని అడగండి. వాళ్ల దగ్గర కేబుల్ లొకేటర్ ఉంటే పట్టుకొస్తారు. అది నేల మీద నడిపిస్తూ కింద కేబుల్ ఎటు పోతోందో పట్టుకునే యంత్రం. ఫోన్లో మెటల్ డిటెక్టర్ యాప్‌లు పెట్టుకుని తిరిగేవాళ్లని చూశాను, దానికి ప్రాణం అప్పగించకండి. చేత్తో పట్టుకునే టెస్టర్ కూడా మట్టి లోంచి ఏమీ చెప్పదు.

తవ్వడం మనుషులతోనే. గుంత అంతా ఒకేసారి మొదలుపెట్టొద్దు. కేబుల్ గోడ వెంబడే పోతోందని అనుమానం గనక, గోడ వైపునుంచి ఇంటివైపుకి, అంటే కేబుల్ దారికి అడ్డంగా, ఒక అడుగు వెడల్పున సన్న కాలువ తీయించండి. మొదటి అరడుగుకి పలుగు వాడినా, ఆ తర్వాత పార మాత్రమే. పలుగుకి మొన ఉంటుంది, బరువంతా ఆ మొన మీదే పడి ఇటుకని కూడా చీల్చుకుపోతుంది. పారతో పొరలు పొరలుగా గీకినట్టు తియ్యాలి. నేల గట్టిగా ఉంటే ముందురోజు రాత్రి నీళ్లు పోసి నానబెట్టాలనిపిస్తుంది. వద్దు. తడి గుంతలో నిలబడి కేబుల్ దగ్గర పనిచెయ్యడం ఇంకా ప్రమాదం.

ఇసుకో ఇటుకో కనబడగానే ఆపెయ్యండి. ఇటుక లేపి చూద్దాం అనుకోవద్దు. కేబుల్ కనబడితే తాకొద్దు, దాని మీద కాలు పెట్టొద్దు, పక్కకి లాగి దారి చేసుకోవద్దు. దానికి దగ్గరలో తవ్వక తప్పదంటే లైన్ క్లియర్ తీసుకుని, అంటే ఆ లైనులో కరెంటు ఆపించుకుని, సంస్థ మనిషి దగ్గరుండగానే చెయ్యాలి. నా సలహా అడిగితే గుంతనే జరపండి. నీళ్లకి ఇంకడానికి చోటు కావాలి గానీ ఆ చోటే కావాలని లేదు.

ఇంకొకటి చాలామందికి తెలీదు. కేబుల్‌కి దెబ్బ తగిలి ఠప్పున కరెంటు పోయిందనుకోండి, పోయింది కదా అని ఎవరూ గుంతలోకి దిగకూడదు. సబ్‌స్టేషన్‌లో ఫీడర్ ట్రిప్పయితే, అంటే మీ లైను దానంతటదే ఆగిపోతే, అక్కడున్నవాళ్లకి మీ గుంత సంగతి తెలీదు. కారణం ఏమిటో చూడ్డానికి ట్రయల్ చార్జ్ ఇస్తారు, అంటే కరెంటు ఒకసారి మళ్లీ వదిలి చూస్తారు. రెండోసారి వచ్చిన కరెంటుకి చనిపోయినవాళ్లున్నారు. దూరంగా జరిగి, ఎవరినీ రానివ్వకుండా ఫోన్ చెయ్యండి. జేసీబీ తగిలితే డ్రైవరు సీట్లోంచి దిగకూడదు. నిప్పంటుకుని దిగక తప్పకపోతే, బండినీ నేలనీ ఒకేసారి తాకకుండా రెండు కాళ్లూ కలిపి దూకి, పాదాలు ఎడంగా వెయ్యకుండా చిన్న చిన్న అడుగులతో జరుగుతూ పోవాలి.

చిన్న గాటు పడితే ఎవరికీ చెప్పకుండా మట్టి కప్పేసేవాళ్లున్నారు. పైతొక్క చీలితే నీరు లోపలికి దిగుతుంది. ఆ రోజు ఏమీ కాదు. రెండు వానలు పడ్డాక ఒక రాత్రి పేలుతుంది. గాటు పడితే చెప్పండి. అరగంట పని నాలాంటివాడు చేసి వెళ్తాడు.

మీ బోరు మోటారు వైరు సంగతి రాత్రికి రాస్తాను, అది వేరే కథ.

కొండవాలు_ఇల్లు:

మాస్టారూ, జేసీబీ వద్దని చెప్పేశాను. మేస్త్రీ కాస్త నొచ్చుకున్నాడు, మీరు రాసింది చదివి వినిపిస్తే ఇటుకల దగ్గరికి వచ్చేసరికి మాట్లాడలేదు. అమ్మని అడిగాను. మీరన్నట్టే గోడ 2021లో పడగొట్టి కట్టారు, కారు కోసం మూడడుగులు బయటికి జరిపి! ఆ స్థలం మాది కాదని నాకిప్పుడు అర్థమవుతోంది, దాని సంగతి విడిగా చూసుకుంటాను. రేపు సెక్షన్ ఆఫీసుకి వెళ్తున్నాను.

గ్యాస్_లైన్_సూపర్‌వైజర్:

హైదరాబాద్ నుంచి. ఇళ్లకి గ్యాస్ పైపు వేసే పనిలో ఎనిమిదేళ్లుగా ఉన్నా. మాస్టారు కరెంటు గురించి చెప్పాక నేను కలపాల్సింది గ్యాస్ సంగతే, ఎందుకంటే వీధికి గ్యాస్ వచ్చిన ఊళ్లలో రెండూ పక్కపక్కనే ఉంటాయి.

నేలలో ఉండే గ్యాస్ పైపు ప్లాస్టిక్‌ది. పసుపు, లేదంటే నారింజ రంగు. నీళ్ల పైపనుకుని కోసినవాళ్లున్నారు, అందుకే రంగు చెబుతున్నా. పైపుకి కొంచెం పైన హెచ్చరిక టేపు పరుస్తాం. గేటు పక్కన గోడ మీదికి ఎక్కే పసుపు ఇనప పైపు కనబడితే, అది నేలలోంచి ఎక్కడ పైకొచ్చిందో అక్కణ్ణుంచి వీధిలోకి గీత గీసుకోండి. పార కూడా చాలా మెల్లగా వాడాలి, ప్లాస్టిక్ పైపుని పార అంచు కూడా చీలుస్తుంది.

తెగితే ఏం చెయ్యకూడదో ముందు చెబుతా. గుడ్డ కుక్కొద్దు, వేలు పెట్టొద్దు, మట్టి కప్పొద్దు. మట్టి కప్పితే గ్యాస్ ఆగదు, పక్కకి పాకి డ్రైనేజీ గొట్టంలోంచో గోడ పగుల్లోంచో ఇంట్లోకి దూరుతుంది. అప్పుడు గుంత దగ్గర కాకుండా వంటింట్లో అంటుకుంటుంది. స్విచ్ వెయ్యొద్దు, తియ్యొద్దు, బండి స్టార్ట్ చెయ్యొద్దు. అందరూ గాలి వచ్చే వైపుకి, దూరంగా నడిచి వెళ్లాక ఫోన్ చెయ్యండి. గ్యాస్ కంపెనీ ఎమర్జెన్సీ నంబరు మీ బిల్లు మీద, వీధిలో మార్కర్ బోర్డు మీద ఉంటుంది. అది తవ్వే ముందే ఫోన్లో సేవ్ చేసుకోండి. మంట అంటుకుంటే దాన్ని ఆర్పే ప్రయత్నం మీరు చెయ్యొద్దు, పక్కనున్నవాటికి అంటుకోకుండా ఫైరింజన్‌ని పిలవండి.

ఇంకో సంగతి. మార్చి 2023లో ప్రభుత్వం 'కాల్ బిఫోర్ యు డిగ్' అనే యాప్ తెచ్చింది. ఎక్కడ తవ్వబోతున్నారో అందులో పెడితే, అక్కడ లైన్లున్న సంస్థలకి కబురు వెళ్తుంది. ముఖ్యంగా రోడ్లు తవ్వే కాంట్రాక్టర్ల కోసం. మేం వాడతాం. కానీ అందులో నమోదు చేసుకున్న సంస్థలకే కబురు వెళ్తుంది. మీ ఇంటి లోపలి వైర్లు, వీధిలో కేబుల్ టీవీ ఆయన వేసిన తీగ అందులో ఉండవు. సెక్షన్ ఆఫీసుకి వెళ్లడం మానొద్దు.

ఫ్రిస్కో_తెలుగు:

నేను టెక్సస్‌లో ఉంటాను. పోయిన వేసవిలో పెరట్లో కంచె స్తంభాలు మార్చుకున్నాను, ఆ అనుభవం ఇక్కడ ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

ఇక్కడ తవ్వే ముందు 811కి ఫోన్ చెయ్యాలి. 2007 నుంచి దేశమంతటికీ ఒకే నంబరు. ఇంటివాళ్లకి ఖర్చేమీ లేదు. మా రాష్ట్రంలో రెండు పనిదినాల ముందు చెప్పాలి. నేను గుంతలు రావాల్సిన చోట తెల్ల రంగు వేసి పెట్టాను. తర్వాత ఒక్కొక్కళ్లూ వచ్చి గడ్డి మీద రంగులు వేసి చిన్న జెండాలు గుచ్చి వెళ్లారు. ఎరుపు కరెంటు, పసుపు గ్యాస్, నారింజ ఇంటర్నెట్, నీలం తాగునీరు, ఆకుపచ్చ మురుగు. పెరడంతా పూలతోటలా అయింది. మా పాప జెండాలు పీకుతుందని రెండు రోజులు తలుపు వేసే ఉంచాం.

అంతా అయిందనుకున్నాను. అవలేదు. వాళ్లు గుర్తుపెట్టేది ఇంటి మీటరు పెట్టె వరకే. మీటరు దాటాక ఉన్నదంతా మనదే, దానికి జెండా ఉండదు. మాకు ముందున్న ఇంటివాళ్లు గ్యాస్ మీటరు నుంచి పెరట్లో గ్రిల్ దగ్గరికి వేయించుకున్న లైను ఏ గుర్తూ లేకుండా సరిగ్గా కంచె కిందుగా పోతోంది. ఇల్లు కొన్నప్పటి ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో ఒక ఫోటో ఉంది గనక గుర్తొచ్చింది. లేకపోతే అద్దెకి తెచ్చిన డ్రిల్లు నేరుగా దాని మీదికి దింపేవాణ్ణి. ఆ ఫోటో ఇంకా దాచుకున్నాను.

జెండా ఉన్న చోట కూడా లోతు చెప్పరు. గీతకి అటూ ఇటూ ఒకటిన్నర అడుగు చేత్తోనే తవ్వాలన్నది ఇక్కడి నియమం. ఇంటర్నెట్ తీగ నాకు అరడుగులోనే తగిలింది.

పాత జాయింటర్ గారు మీటరు తర్వాతి వైర్ల గురించి రాస్తానన్నారు. దయచేసి వివరంగా రాయండి. ఇంట్లోవాళ్లు మర్చిపోయేవి అవే.

పాత_జాయింటర్:

ఫ్రిస్కో బాబు అసలు చోటే పట్టుకున్నాడు. మీటరు దాకా సంస్థది, మీటరు దాటాక ఇంటివాళ్లది. సంస్థ కేబుల్‌కి కనీసం ఇసుకా ఇటుకా ఉంటాయి. మన ఇళ్లలో బోరు మోటారుకి వేసిన మూడు తీగల వైరుకి, తోట దీపానికి వేసిన వైరుకి ఏమీ ఉండవు. పీవీసీ గొట్టంలో, ఒక్కోసారి గొట్టం కూడా లేకుండా, పూలమొక్కల కింద అరడుగులో పడుకోబెడతారు. పెద్ద కేబుల్‌కి భయపడిన మనిషి దీన్ని పట్టించుకోడు. దీనికీ ప్రాణం తీసేంత కరెంటుంది.

ఈ విషయంలో మీకున్న సదుపాయం ఏమిటంటే, దీన్ని మీరే ఆపగలరు. తవ్వే రోజు మోటారు, బయటి దీపాల ఎంసీబీలు దించండి. స్టార్టర్ ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి. బోర్డు దగ్గర వదిలేస్తే నీళ్లు రావట్లేదని ఇంట్లో ఎవరో ఒకరు పెట్టేస్తారు. ఇన్వర్టర్ ఉంటే దాన్నుంచి బయటికి లైను ఉందేమో చూడండి. మెయిన్ దించినా అది బతికే ఉంటుంది.

తర్వాత ఎర్తింగ్. మీటరు దగ్గర్నుంచి ఒక జీఐ (జింకు పూత ఇనుము) పట్టీయో తీగో నేలలోకి దిగి ఎర్త్ గుంత దాకా పోతుంది. తవ్వేవాళ్లకి అది తుప్పుపట్టిన పనికిరాని ఇనుములా కనబడుతుంది. నరికి పారేస్తారు. దీపాలు వెలుగుతూనే ఉంటాయి గనక ఎవరికీ తెలీదు. గీజరుకో ఫ్రిజ్‌కో లోపం వచ్చిన రోజు ముట్టుకున్నవాళ్లకి తెలుస్తుంది. ఇనప పట్టీ కనబడితే వదిలెయ్యండి. తెగితే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ రోజే అతికించండి.

కోనసీమ_రైతు:

మాది పొలం సంగతి. చేల కింద నుంచి పెద్ద గ్యాస్ లైను పోతోంది. 1962 నాటి పైప్‌లైన్ల చట్టం ప్రకారం భూమి మనదే గానీ, లైను పోయే ఆ నేల పట్టీలో బావి, చెరువు తవ్వకూడదు, ఇల్లు కట్టకూడదు, చెట్లు నాటకూడదు. వరి వేసుకోవచ్చు. చేపల చెరువులు తవ్వే కొత్తవాళ్లకి ఇది తెలియక ప్రొక్లైన్ తెస్తున్నారు. 2014 జూన్ 27న మా నగరం గ్రామంలో గ్యాస్ లైను పేలి 20 మందికి పైగా పోయారు. అది తవ్వడం వల్ల కాలేదు. కానీ ఆ తెల్లవారుజాము చూసినవాళ్లం, గట్టు మీద పసుపు రంగు మార్కర్ రాయి పక్కన యంత్రం కనబడితే పని మానుకుని పరిగెత్తి ఆపుతున్నాం. కౌలుకి తీసుకునేవాళ్లు దయచేసి ముందు రాళ్లు ఎక్కడున్నాయో చూసుకోండి.

కొండవాలు_ఇల్లు:

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. పని నిన్న పూర్తయింది.

సెక్షన్ ఆఫీసులో కాగితం ఇచ్చిన మూడో రోజు లైన్‌మ్యాన్ వచ్చారు. లొకేటర్ తేలేదు గానీ, మా పక్కింటి ముందున్న ఫీడర్ పిల్లర్ తలుపు తీసి కేబుల్ ఏ వైపు దిగిందో చూసి, సున్నంతో మా గోడకి బయట, రోడ్డు అంచున గీత గీశారు. "ఇది అంచనా మాత్రమే సార్, చేత్తోనే చూసుకోండి" అని ఆయనే అన్నారు.

శనివారం పొద్దున్న మోటారు ఫ్యూజులు పీకి జేబులో వేసుకుని, మాస్టారు చెప్పినట్టు గోడ నుంచి ఇంటివైపుకి అడ్డంగా సన్న కాలువ మొదలుపెట్టాం. మేస్త్రీ, ఇద్దరు కూలీలు, నేను. పిల్లల్ని అమ్మతో పై అంతస్తులో ఉంచాం. గోడ దగ్గర రెండడుగులు గట్టి గరప. తర్వాత ఒక్కసారిగా మట్టి వదులైంది, తారు ముక్కలు వచ్చాయి. మేస్త్రీ తనే చెయ్యి పైకెత్తి ఆపాడు. అక్కణ్ణుంచి పార కూడా పక్కన పెట్టి తట్టలోకి చేత్తో తీశాడు. అడుగు పది అంగుళాల లోతులో ఇసుక. ఇసుకలో ఒక ఇటుక అంచు కనబడింది.

సున్నం గీత గోడకి బయట ఉంది. ఇటుక గోడకి లోపల రెండున్నర అడుగుల దూరంలో ఉంది. మేం గుంత అనుకున్న చోటికి దాదాపు అంచున. జేసీబీ బకెట్టు మొదటిసారి దిగేది అక్కడే.

ఎవరం ఇటుక ముట్టుకోలేదు. ఫోన్ చేస్తే లైన్‌మ్యాన్ మధ్యాహ్నం వచ్చి చూసి, 11 కేవీ అని చెప్పి, ఫోటో తీసుకున్నారు. గోడ జరపడం వల్ల లోపలికి వచ్చిందని, కారు వాలు చెక్కడం వల్ల పైకి తేలిందని అన్నారు. రెండూ మేం చేసినవే. ఏఈ గారికి ఆ సంగతి రాసిచ్చాను, కేబుల్ జరుపుతారా, గోడ వెనక్కి జరపమంటారా అన్నది వాళ్లే చెబుతారు. గోడ జరపమంటే జరుపుతాం.

కాలువని మళ్లీ మెత్తటి మట్టితో కప్పించాం. ఇంకుడు గుంత ఇంటికి కుడివైపు, జామచెట్టు దగ్గరికి మార్చాం. అక్కడ కూడా చేత్తోనే తవ్వాం, రెండు రోజులు పట్టింది. మూడడుగుల లోతులో తుప్పుపట్టిన ఇనప పట్టీ బయటపడింది. కూలీ నరకబోతే మేస్త్రీయే అరిచాడు. ఎలక్ట్రీషియన్ చూసి అది మా ఇంటి ఎర్త్ అన్నాడు, ఒకచోట పూర్తిగా తినేసి ఉంటే కొత్తది వేశాడు.

నాన్నగారి పాత డైరీలో ఇంటి ప్లాను కాగితం ఒకటి దొరికింది. దాని మీద కేబుల్, ఎర్త్ పట్టీ, నీళ్ల పైపు, మోటారు వైరు ఎక్కడున్నాయో గోడ నుంచి అడుగులు కొలిచి ఎర్ర పెన్నుతో గీసి, మీటరు పెట్టె తలుపు లోపల అంటించాను. ఒక కాపీ ఎదురింటి అమ్మగారికి ఇచ్చాను.

పాత_జాయింటర్:

ఆ మేస్త్రీ భుజం నా తరఫున తట్టండి. మీటరు పెట్టెలో కాగితం చెమ్మకి పాడవుతుంది, ప్లాస్టిక్ కవరులో పెట్టండి. కేబుల్ మీద మళ్లీ కప్పిన చోట ఇటుకలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయా? ఒక్కటి పక్కకి జరిగినా చెప్పండి, నేను విశాఖలోనే ఉంటాను, వచ్చి సరిచేయిస్తాను.